నొప్పి తెలియని చోటు

ఫిన్లే పదకొండేళ్లుగా బొడ్డుకి ఎడమపక్కన ఒకే చోట ఇన్సులిన్ పొడుచుకుంటున్నాడు. కెనడాలో కేప్ బ్రెటన్ తీరంలో లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే పడవ నడిపే రోజుల్లో అయిన అలవాటు. అక్కడ ఇప్పుడు కోడిగుడ్డంత గడ్డ లేచింది. సూది దిగినా తెలియదు.

"గడ్డలో పొడిస్తే మందు ఒంటికి పట్టదయ్యా! నర్సు చెప్పలేదూ?" అని మోరాగ్ మొత్తుకునేది.

"నొప్పి నాదా, నర్సుదా?" అనేవాడు మొగుడు.

షుగర్ దిగలేదు. డాక్టరు మోతాదు పెంచుతూ పోయి పూటకి నలభై నాలుగు యూనిట్లకి తెచ్చాడు. చివరికి కాలి మీద పుండు మానడం లేదని మోరాగ్ ఏడ్చేసరికి ఫిన్లే మెత్తబడ్డాడు.

"సరేలేవే, నీ పోరు పడలేను. ఎక్కడో నువ్వే చూపించు."

ఆమె నర్సు ఇచ్చిన కాగితం ముందు పెట్టుకుని అతని తొడ తడిమి చూసింది. మోకాలికి దగ్గరగా వద్దు, లోపలివైపు వద్దు, మచ్చల మీద వద్దు. బయటివైపు నడిమధ్యన మెత్తగా, నున్నగా ఉన్న చోట వేలు పెట్టింది. "ఇక్కడ."

ఎప్పటిలాగే నలభై నాలుగు యూనిట్లూ అక్కడ పొడుచుకుని, "అబ్బా! చంపావు కదే!" అని నవ్వాడు ఫిన్లే.

ఇద్దరూ ఓట్స్ జావ తాగారు. గంట తిరక్కుండానే అతనికి చెమటలు పోశాయి. మోరాగ్‌ని తన అమ్మ పేరు పెట్టి పిలిచి, కుర్చీలోంచి జారిపోయాడు. ఆమె నారింజ రసం గ్లాసుతో పరుగెత్తుకొచ్చింది.

"స్పృహలో లేని మనిషి నోట్లో ఏమీ పోయకండమ్మా, పక్కకి తిప్పి పడుకోబెట్టండి. అంబులెన్సు బయల్దేరింది," అంది ఫోనులో గొంతు.

ఇరవై ఆరు నిమిషాలు. తొడ మీది ఎర్రటి చుక్కనే చూస్తూ నేల మీద కూర్చుంది. లోపలికి పోయిన మందుని వెనక్కి లాగే దారి లేదు.

ఫిన్లే బతికాడు. ఆసుపత్రిలో నర్సు మెల్లగా అంది: "ఇన్నాళ్లూ మందు సరిగా ఒంటికి అందలేదమ్మా, ఇప్పుడు మొత్తం పట్టేసి షుగర్ పడిపోయింది. మంచి చోటుకి మారినప్పుడు మోతాదు తగ్గించాలి, డాక్టర్ని అడిగి. మీకెవరూ చెప్పలేదా?"



ఇంటికొచ్చాక మోతాదు ఇరవై రెండు. మర్నాడు పొద్దున ఫిన్లే రెండో తొడ మీద తనే చోటు వెతుక్కుని పొడుచుకున్నాడు. మోరాగ్ ఎదురుగా కుర్చీ వేసుకుని అతని మొహంలోకి చూస్తూ కూర్చుంది. గిన్నెలు తొట్లో అలాగే ఉండిపోయాయి.

"ఏంటే, అలా చూస్తావు? బాగానే ఉన్నా."

"మాట్లాడుతూనే ఉండు. ఏదో ఒకటి మాట్లాడు," అంది మోరాగ్.