అందరికన్నా బలమైన వెల్డ్రాక్స్

అప్పట్లో క్లీవ్‌లాండ్‌లో, కొత్త కామిక్స్ వచ్చే ప్రతి బుధవారం లోనీ కొట్టులో మాకు పోట్లాట తప్పేది కాదు. సర్వశక్తిమంతుడైన కామిక్ హీరో వెల్డ్రాక్స్‌ని ఇన్నేళ్ళలో ఎందరో ఇన్ని రకాలుగా గీశారు కదా, ఆ వెల్డ్రాక్స్‌లందరిలో ఎవడు బలవంతుడు?

"గెలాక్సీని మింగినవాడు," అన్నాను.

"నీ మొహం. కాలాన్నే చెరిపేసినవాడి ముందు వాడెంత?" అన్నాడు డెల్మర్. వాడికి వాదించడం తప్ప ఇంకేం రాదు.

ముసలి లోనీ అట్ట నలిగిన పాత వెల్డ్రాక్స్ సంచిక ఒకటి బల్లమీద పెట్టాడు.

"వీడా? బస్సు ఎత్తడానికే ఆపసోపాలు పడ్డాడు కదయ్యా," అన్నాను.

"నేను సైన్యంలోకి పోగానే మా అమ్మ నా కామిక్సన్నీ చెత్తబండిలో వేసేసిందిరా," అన్నాడు లోనీ. "వీణ్ణొక్కణ్ణే ఊగే ఫ్రిజ్ కాలి కింద పెట్టింది. ఆవిడ పోయేదాకా ఆ ఇంటి తిండంతా వీడే మోశాడు."