కాగితమంత ఖాళీ

స్విచ్చుల షావుకారు ముప్పై ఏళ్లుగా వైర్లు, ఫ్యూజులు, ట్రాన్స్‌ఫార్మర్లు అమ్ముతున్నాడు. సరుకు చేతిలోకి తీసుకుంటే చాలు, అందులో ఇనుమెంతో రాగి ఎంతో చెప్పేయగలడు. ఎవరు ఎక్కడ కక్కుర్తి పడ్డారో ముందు వెతికి, ఆ తర్వాతే పలకరించే రకం.

అలాంటి మనిషికి యాభై దాటాక ఒక సరదా పుట్టింది. చివర్న గాజు బల్బులాంటి వాల్వు ఒకే ఒక్కటి స్పీకర్‌ను నడిపే పాతకాలపు పద్ధతిలో సొంతంగా యాంప్లిఫయర్ కట్టాలని. పెట్టె, సాకెట్లు, సోల్డరింగ్ అన్నీ తనే చేసుకున్నాడు. వాల్వుకీ స్పీకర్‌కీ మధ్య ఉండే ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం చుట్ల తాతకి అప్పజెప్పాడు. రిపేరు షాపుల వీధిలో తీగ చుట్టడంలో తాతని మించినవాడు లేడు. బొటనవేలు వేలి కణుపుల మీద జరుపుకుంటూ వేల చుట్లు ఒక్కటి తప్పకుండా లెక్కపెట్టేవాడు.

తాత ఇచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ చూడ్డానికి మోటుగా ఉంది. అంచుల్లో వార్నిష్ కారి గడ్డకట్టింది. శుభ్రంగా రంగు వేద్దామని షావుకారు ఇనుప రేకులన్నీ ఊడదీశాడు. ఈ పక్క రేకులకీ ఆ పక్క రేకులకీ మధ్య ఒక కాగితం ముక్క కనిపించింది.

"ఇనుము మిగుల్చుకుని కాగితం కూరాడు ముసలాడు" అని నవ్వుకున్నాడు. కాగితం చెత్తబుట్టలో పడేసి, తన షాపులో అమ్మే ట్రాన్స్‌ఫార్మర్లకి ఉన్నట్టే రేకులు అటొకటి ఇటొకటి పేర్చి, గాలి దూరకుండా బిగించాడు.

పాట పెడితే గొంతు నొక్కినట్టు వచ్చింది. లావు స్వరాలన్నీ పీలగా, గరగరమంటూ.

మర్నాడు టీ కొట్టు దగ్గర నలుగురిలో అనేశాడు. "చుట్ల తాత పని అయిపోయింది. చుట్లు తప్పుతున్నాడు. నా ట్రాన్స్‌ఫార్మర్ నాశనం చేశాడు."

"పాపం, చూపు ఆనట్లేదేమో" అన్నాడు మోటార్లు బాగుచేసే బట్టతల.

"చూపు కాదు, బుర్ర."

అందరూ నవ్వారు. రేకులు తను విప్పిన సంగతి షావుకారు చెప్పలేదు. అది లెక్కలోకి వచ్చే సంగతని అతనికి తోచనేలేదు.

మూడు వారాల తర్వాత ఎవరో ఒక పాత వాల్వు రేడియో తుక్కు కింద తెచ్చి పడేశారు. దాని ట్రాన్స్‌ఫార్మర్ విప్పిన షావుకారు చేతులు ఆగిపోయాయి. రేకులన్నీ ఒకే వరసలో ఉన్నాయి. మధ్యలో అదే కాగితం ముక్క. ఒక్క వాల్వే అయితే కరెంటు ఎప్పుడూ ఒకే వైపు పారుతుంది. ఆ కాస్త ఖాళీ లేకపోతే ఇనుము ఉక్కిరిబిక్కిరైపోతుంది. తాత కాగితం పెట్టింది కక్కుర్తి పడి కాదు, కొలిచి.

ఇంటికెళ్లి రేకులు మళ్లీ తాత పేర్చినట్టే పేర్చి, అంతే మందం కాగితం పెట్టాడు. పాట గది నిండా పరుచుకుంది. భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడిపోయింది.

"ఎంత బావుందండీ! తాతకి చేతకావట్లేదన్నారుగా?"

"ఆపేస్తున్నా."

"ఇప్పుడేగా గొంతు విప్పింది, ఆపడమేంటి?"

పాట బాగున్నకొద్దీ అతనికి టీ కొట్టు దగ్గర తనన్న మాటే వినిపించింది. స్విచ్చి కట్టేసి చెప్పులేసుకున్నాడు.

దారి పొడుగునా లెక్కలే. ఒకేసారి ఇరవై ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టమంటే ముసలాయన సంతోషిస్తాడు. ఆ మాట అదే మరుగునపడిపోతుంది. నోరు విప్పక్కర్లేదు, ఎవరికీ నష్టం లేదు.

తాత చుట్టే మిషను మీద దుప్పటి కప్పి ఉంది. తాత ఒక కాయిల్ తీగ విప్పుతూ కణుపుల మీద చుట్లు లెక్కపెడుతున్నాడు.

"తాతా, ఇరవై పీసులు చుట్టాలి. అర్జెంటు."

"ఇంకెవరికైనా ఇయ్యి నాయనా." తాత తలెత్తలేదు. "నీ దాంట్లో చుట్లు తప్పానంట కదా. అదే రోజు చుట్టింది ఇంకోటి ఉంటే చూస్తున్నా. మూడుసార్లు విప్పి చుట్టా. లెక్క సరిగ్గానే వస్తోంది. అంటే, ఇప్పుడు లెక్కపెట్టడం కూడా రావట్లేదన్నమాట."

తన మాట వీధి నమ్ముతుందని షావుకారుకి తెలుసు. ముసలాయనే నమ్ముతాడని ఊహించలేదు.

"నీ లెక్క సరైందే తాతా. నేనే రేకులు విప్పా. మధ్యలో కాగితం పారేశా."

తాత వేలు కణుపు మీదే ఆగింది. "పారేశావా?"

"కక్కుర్తి పడి కూరావనుకున్నా."

"సరిగ్గా ఆ మందం కాగితం కోసం ఒక పూటంతా వెతికానురా! ఒక్క మాట అడగొచ్చుగా?"

"అడగాల్సింది. తప్పు నాదే."

తాత తీగ పక్కన పెట్టి మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. "ఆ రోజు ఎంతమంది విన్నారు?"

"ఐదారుగురు."

"మరి నాకొక్కడికి చెప్తే ఎలా? వాళ్లకి చెప్పు. పద."

టీ కొట్టు దగ్గర ఆ రోజు విన్నవాళ్లే ఉన్నారు. షావుకారు టీ గ్లాసు అందుకుని, "తాత తప్పేం లేదు, రేకులు నేనే తప్పు పేర్చాను" అన్నాడు. ఎదురు షాపులో బట్టతల నడిపి చూస్తున్న మోటారు రొదలో ఆ మాట కొట్టుకుపోయింది. బట్టతల మోటారు కట్టేశాడు.

"ఏంటి షావుకారూ, ఏదో అన్నావ్?"

షావుకారు వెనక్కి చూశాడు. తాత గోడకి ఆనుకుని, ఏమీ ఎరగనట్టు, బొటనవేలు కణుపుల మీద జరుపుకుంటున్నాడు. ఆ రోజు అతన్ని ఆడిపోసుకోవడానికి ఒక గుక్క టీ తాగేంత సేపు కూడా పట్టలేదు. షావుకారు గ్లాసు కింద పెట్టి, ఈసారి వీధి చివరిదాకా వినపడేలా మొదలుపెట్టాడు.