పద్నాలుగో తేదీ కొలత

నూనె అట నూనె, ఈ గదిలో అడుగుపెట్టి రెండేళ్లయింది, జిడ్డు రాయికి అంటకూడదని అప్పట్నుంచి తలకి చుక్క నూనె రాసిన పాపాన పోలేదు, చేతులకి క్రీము లేదు, మోచేతులు గరుకు కాగితంలా తయారయ్యాయి, అయినా ఈ యాసిడ్ ల్యాబ్ ఆయన ఎదురుపడ్డప్పుడల్లా అదే పాట, మేడమ్, మీ గ్రాఫులో కనిపించింది గ్రహశకలంలో పదార్థం కాదండీ, మీ జడలో పదార్థం, అని, ఇప్పుడు కూడా అద్దం అవతల పెట్టె పట్టుకుని వాచీ చూసుకుంటున్నాడు, చూసుకోనీ, అంతరిక్షం నుంచి తెచ్చిన ఆ ఆవగింజంత నల్ల రాయి నా సంతకం లేకుండా ఈ గది దాటదు, దాటిందంటే మాత్రం సాయంత్రానికల్లా ఆయన యాసిడ్ పరీక్షలో కరిగిపోతుంది, తర్వాత దాన్ని మళ్లీ కొలవడం ఎవరి తరమూ కాదు.

ఒకసారి కొలిచావుగా, ఇంకేం కొలుస్తావమ్మా, అంటున్నారు ఫోనులో మా ల్యాబ్ పెద్ద సారు, నిజమే, కొలిచాను, ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేసి రాయి ఎంత మింగిందో ఎంత తిప్పికొట్టిందో గీత గీయించాను, బంకమట్టిలాంటి ఖనిజాలున్నాయి, వాటిలో బిగిసిపోయిన నీరుంది, ఆ పక్కనే గీతలో చిన్న లోయ, కార్బనూ హైడ్రోజనూ కలిసి ఉన్నచోట పడే లోయ, నాలుగు వందల యాభై కోట్ల ఏళ్లనాటి రాయిలో సేంద్రియ పదార్థం, నాలుగు నెలలు దానికోసం కళ్లు కాయలు కాచాయి, కనబడ్డాక కుర్చీలో కూర్చోలేకపోయాను, మధ్యాహ్నం మూడింటికి విలేకరులకి చెబుతున్నారు, మొదటి పేరు నాదే, అంతా బాగానే ఉండేది, పొద్దున ఫైలు సర్దుతుంటే తేదీలు నా కంటపడకపోయుంటే, రాయిని కొలిచింది పద్నాలుగున, ఖాళీ పలకని కొలిచింది పదమూడున.

రాయి పెట్టే బంగారు పలకని ముందు ఖాళీగా కొలవాలి, ఆ రోజు గదిలో గాలి, పలక మీద జిడ్డు, అన్నీ ఆ గీతలో పడతాయి, రాయి గీతలోంచి వాటిని తీసేస్తే మిగిలేదే రాయిది, ఏ రోజుకారోజు కొలవాలి, ఆ రూలు పెట్టింది నేనే, గోడకి అంటించిందీ నేనే, కానీ పద్నాలుగున స్కూలు నుంచి ఫోను, మీ పాప మెట్ల మీంచి పడింది, ముందు పన్ను విరిగింది, వెంటనే రండి, ఒక్కరోజుకి ఏమైపోతుందిలే అని ముందురోజు ఖాళీ కొలతే తగిలించి, రాయి పెట్టి, మిషన్ ఆన్ చేసి పరుగెత్తాను, ఇప్పుడు సారు అంటున్నదీ అదే, ఒక్కరోజు తేడాకి కొంప మునుగుతుందా అమ్మా, అదే పలక, అదే గది, చాదస్తం మానేసి సంతకం పెట్టు, వింటుంటే ఎంత హాయిగా ఉందో, కలం అప్పుడే చేతిలోకి వచ్చేసింది కూడా, ఒక్కరోజే కదా, కానీ ఆ రోజు స్కూలుకి పరుగెత్తాను, వరండాలో కాలు జారి దబ్బున పడ్డాను, మోకాలు చీరుకుపోయింది, ఎందుకు జారాను, నేల తడిగా ఉంది, పళ్ల డాక్టరు దగ్గర నోట్లో దూది కుక్కుకుని పాప అంది, అమ్మా, నీ బట్టలు పెయింటు కంపు కొడుతున్నాయి, పెయింటు కాదు తల్లీ, పాలిష్, ఆ రోజు పొద్దున్నే మా తలుపు ముందు నేలకి పాలిష్ పెట్టారు, పాలిష్‌లో ఉండేదేమిటి, కార్బనూ హైడ్రోజనే, పదమూడునాటి ఖాళీ కొలతలో అది లేనే లేదు.

ఓరి దేవుడా.

సార్, ఆ రోజు వరండాలో పాలిష్ పెట్టారు, అన్నాను, సారు గొంతు తగ్గించి, నువ్వనకపోతే అడిగేవాళ్లు లేరమ్మా, నీ ఉద్యోగం పర్మనెంటు చేసే ఫైలు నా బల్ల మీదే ఉంది, చూసుకో మరి, అన్నారు, ఒళ్లు మండిపోయింది, ఓహో, బల్ల మీద ఉందా, ఉండనీయండి సార్, దుమ్ము పట్టనీయండి, నాలుగు నెలలు తిండి మానుకుని చూసింది నేల పాలిష్ కాదని నాకు రూఢిగా తెలియాలి, అని ఫోను పెట్టేశాను, కలం సొరుగులోకి విసిరేశాను, కోపంతోనే, భయంతో కాదు, సరే, కొంచెం భయంతో కూడా.

అద్దం కిటికీ తీశాను, ఏంటి మేడమ్, సంతకం పెట్టడానికి ఇంతసేపా, అన్నాడు యాసిడ్ ల్యాబ్ ఆయన, ఖాళీ పలక కొలవడం ఎగ్గొట్టానండీ, లోయ రాయిది కావచ్చు, మా వరండాది కావచ్చు, మళ్లీ కొలవాలి, అన్నాను, నవ్వుతాడనుకున్నా, నవ్వలేదు, మరి మూడింటికి ఏం చెప్తారు, అని అడిగాడు, ఏం చెప్తాను, ఆ లోయ మళ్లీ కనబడకపోతే ఏడుస్తాను, వెక్కివెక్కి ఏడుస్తాను, అది తట్టుకోగలను, ఈ రాయి కరిగిపోయాక ఎవరు నన్ను మెచ్చుకున్నా ఇది నిజమేనా అని నన్ను నేనే ప్రశ్నించుకుంటూ బతకడం మాత్రం నావల్ల కాదు, తప్పు నాదేనండీ, విలేకర్ల ముందైనా అంటాను, వెళ్లి మీ పెద్దవాళ్లకీ చెప్పండి, రాయి మాత్రం ఇవ్వను.