ఆడవాళ్ళ అరలో చోటు

హంబోల్ట్ కొండల్లో పోలీసుల తెల్లకారు కనబడిందంటే ఆడవాళ్ళు అనాల్సిన మాట ఒక్కటే. "నాకేం తెలీదు, మా ఆయన్నడగండి." గంజాయి పెంచితే జైల్లో తోసే రోజుల్లో పుట్టిన ఆచారమది. పట్టుబడితే మగవాడు వెళ్ళాలి, ఆడది పిల్లల దగ్గరుండాలి. పెళ్ళినాటి ప్రమాణాల సంగతెలా ఉన్నా, దీన్ని మాత్రం ఎవరూ తప్పలేదు.

ఇప్పుడు గంజాయి పెంచడం నేరం కాదు. పెంచి అమ్ముకోగలగడమే కష్టం. చుట్టుపక్కల తోటలు సగం మూతపడ్డాయి. ఇంకా మూతపడనివాటిలో మార్లిస్ తోట ఒకటి. ఆమెకి మిగిలిన ఆశ ఒక్కటే. తోట ఆడమనిషిదేనని సర్టిఫికెట్టు తెచ్చుకుంటే, శాన్ ఫ్రాన్సిస్కో దుకాణాలవాళ్ళు ఆడవాళ్ళ సరుక్కని విడిగా పెట్టిన అరలో చోటిస్తామన్నారు. అది రాకపోతే వసంతానికల్లా తోట అమ్ముకోవడమే.

అందుకని వారమంతా మేకల ముందు నిలబడి జవాబులు వల్లె వేసింది. మేకలు ఒప్పుకున్నాయి.

తనిఖీకి వచ్చినావిడ పేరు డెనీస్ యార్బ్రో. ఖర్మకాలి ఆవిడది తెల్లకారే.

"తోట ఎవరు నడుపుతారమ్మా?" అని అడిగింది, దిగుతూనే.

"నాకేం తెలీదు, మా ఆయన్నడగండి" అంది మార్లిస్.

అనేశాక నాలిక్కరుచుకుంది. ఏం లాభం? ఈలోగా వంటింట్లోంచి మొగుడు వెండెల్ పరుగెత్తుకొచ్చాడు. మోచేతులదాకా పిండి.

"అంతా నేనేనండీ! దానికేం తెలీదు. వంట చేసి పెడుతుందంతే."

"నీ నోరు పడిపోను! మనకి సర్టిఫికెట్టు కావాలయ్యా!"

వెండెల్ పిండి చేతులు వెనక్కి దాచుకున్నాడు. "అదే, అంతా ఇదేనండీ" అన్నాడు.

డెనీస్ మొహంలో ఏ మార్పూ లేదు. ఎండబెట్టే కొట్టంలోకి నడిచి, తలకిందులుగా వేలాడుతున్న కొమ్మొకటి చూపించి, "దింపొచ్చా?" అని వెండెల్‌ని అడిగింది.

వెండెల్ కళ్ళు మూసుకుని వాసన చూశాడు. "ఓపిక పట్టాలి" అన్నాడు గంభీరంగా. ఎరువుల కొట్టు దగ్గర కుర్రకారు ఏమడిగినా అతని సమాధానమదే. వాళ్ళు 'గురువుగారూ' అంటూ కాఫీ పోయిస్తారు. నిజానికతను గంజాయి వనంలో తులసి మొక్క. ఆ వనం గురించి ఏమీ తెలియదు.

మార్లిస్ కాడ వంచింది. ఫట్‌మని విరిగింది. "ఎండిపోయింది, ఇవాళ దించెయ్యాలి" అంది.

"మీకు పని తెలుసు, ఒప్పుకుంటాను" అంది డెనీస్. "కానీ యజమాని ఎవరన్నదే నాక్కావాలి. ఊళ్ళో ఎవర్నడిగినా వెండెల్ తోటంటున్నారు. తోట నాదేనని ఈయన కోర్టులో ఒప్పుకుని పద్నాలుగు నెలలు జైల్లో ఉన్నారు. అప్పుడు నిజం చెప్పారా, ఇప్పుడు చెబుతున్నారా?"

మార్లిస్ మొగుడి వంక చూసింది. జైలు నుంచి ఆ మనిషి తెచ్చుకున్నది ఆ పేరొక్కటే. గింజలు ఏరిందీ, జాతులు కలిపిందీ తనైతే గురువుగారు ఆయనా అని ఎన్నోసార్లు కడుపు మండింది. అయినా ఆ పేరు లాక్కోవడానికి ఇప్పుడు చేతులు రాలేదు.

"పోనీండి" అంది. "ఆయనదే తోట. మీరు వెళ్ళిరండి."

"నువ్వూరుకో!" అన్నాడు వెండెల్. ఆమె మీద అతను గొంతెత్తడం ఎప్పుడోగాని జరగదు. "కోర్టులో చెప్పింది అబద్ధమండీ. దానికప్పుడు ఏడో నెల. పోలీసు 'ఎవరిది?' అన్నాడు, చెయ్యెత్తాను. నా చేత్తో టమాటా మొక్క కూడా బతకదు. కావాలంటే ఊళ్ళోనే చెబుతాను, పదండి."

"ఊళ్ళో అక్కర్లేదు. ఇక్కడ సంతకం పెడితే చాలు."

పెట్టాడు. కాగితం నిండా పిండి అంటుకుంది. డెనీస్ దాన్ని దులిపి, సర్టిఫికెట్టు వస్తుందని చెప్పింది. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది.

"ఒక్కటి మిగిలింది. వెండెల్‌గారు ఈ తోటలో చేసిన పనేమిటో రాయాలి."

వెండెల్ తన పిండి చేతుల వంక చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"జైలుకి వెళ్ళానండీ."

"అది కాక?"

"ఇంకేం లేదు."

డెనీస్ కలం ఎత్తి ఆగింది. "అది పని కింద రాయడం కుదరదేమో."

"రాయండమ్మా" అంది మార్లిస్. "తోటలో నేను చెయ్యని పని అదొక్కటే."