పదిహేడు గేట్లు

నెరిస్‌కి మోటారు బండి రెండు పనులకి కావాలి. వారమంతా ఆసుపత్రి డ్యూటీకి, ఆదివారాలు కొండదారులకి. బండ్ల షాపు గ్విలిమ్ రెండు బండ్లిచ్చి నడిపి చూసుకోమన్నాడు. శనివారం పొట్టిదాన్ని డ్యూటీకి తీసుకెళ్లింది. నోట్లో వేలు పెడితే కొరకని బండి. ఆదివారం ఎత్తుది ఎక్కింది. ఆపితే కాలి బొటనవేలు మాత్రమే నేలకి తగులుతోంది.

"కొండదారిలో గేటు దగ్గర దిగబోయి పడతావు. నా మాట విని పొట్టిది తీసుకో," అన్నాడు మొగుడు ఇద్వల్, ఆ పొట్టిదాని మీదే కూర్చుని.

"పడితే లేస్తాలే. నువ్వు ముందు పద."

ఇద్వల్‌కి అంతకన్నా ఏం కావాలి. పెళ్లయిన పదకొండేళ్లలో ఆమెని ఒక్కసారీ ముందు పోనిచ్చిన పాపాన పోలేదు. కాకపోతే వేల్స్ కొండల్లో దారికి అడ్డంగా ఉండే గేట్లని ముందున్నవాళ్లే తీయాలి, వెనకవాళ్లు దాటాక గొర్రెలు పోకుండా మూయాలి. అతను బురదలో దిగి గేటు పట్టుకుంటే, ఆమె కూనిరాగం తీస్తూ మహారాణిలా దాటిపోయేది. ఆనక గట్టుకి కాలానించి ఆగి, అతనికి మళ్లీ దారిచ్చేది.

సాయంత్రం గ్విలిమ్ అడిగాడు. "ఏమ్మా, ఏది ఖాయం?"

"ఎత్తుదే. ఆసుపత్రి దారిలో గేట్లు లేవు. కొండ మీద పదిహేడున్నాయి, ఒక్కచోటా దిగలేదు."

"దిగింది నేను," అన్నాడు ఇద్వల్. మోకాళ్లదాకా బురద.

"పోనీ, వచ్చే ఆదివారం నేను ముందుంటాలే."

ఇద్వల్ తన బూట్ల వంక చూసుకున్నాడు.

"వద్దులే," అన్నాడు. "నేనే ఉంటా."