రెండు గడుల నడుమ పడవ

కమలవ్వ సంచిలో జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, కారం పొట్లం, పొడి తువ్వాల సర్దింది. గోదావరి పొంగుతోంది. నది నడుమ దిబ్బ మీద మేతకు వదిలిన బర్లను తెచ్చేందుకు ఆమె పెనిమిటి ఎల్లేశం బయలుదేరుతున్నాడు. పడవ ఆమె తమ్ముడు కొమురెల్లిది, నడిపేదీ అతడే.

"బర్ల మీదున్న ఫికర్ నా మీద ఎన్నడన్న ఉన్నదా నీకు?"

"బర్లు పాలిస్తయి. నువ్వు తిట్లిస్తవు," అని నవ్వి ఎల్లేశం సంచి భుజానికేసుకున్నాడు.

సాయంత్రానికి ఒడ్డు మునిగింది. పడవ తిరిగి రాలేదు. మబ్బు విచ్చేసరికి శనివారమైంది. అప్పుడు ఉపగ్రహం తీసిన వరద ఫొటోను కరీంనగర్‌లో కూతురు శ్యామల పనిచేసే ఆఫీసుకు పంపారు. చోటు చెబితే చాలు, వెళ్లి తెస్తామని రక్షణ దళం వాళ్లు ఎదురుచూస్తున్నారు. కమలవ్వ ఊళ్లో నిలవలేక బస్సెక్కి బిడ్డ దగ్గరికే వచ్చి కూర్చుంది.

అంత పెద్ద ఫొటో కంప్యూటర్‌కు ఒక్కసారిగా పట్టదు. గడులు గడులుగా కోసి ఇస్తే, ఒక్కో గడిలో పడవ ఉందో లేదో అది వెతుకుతుంది.

"ఒక్క పడవ గూడ దొరకలే అవ్వా."

"సక్కగ చూసిందా గది? కండ్లున్నయా దానికి?"

శ్యామల తెర వైపే చూసి చూసి, పై అధికారి శ్రీహరి దగ్గరికి నడిచింది.

"సార్, జల్ది కావాలని గడులను అంచుకు అంచు ఆనిచ్చి కోసినం. పడవ అంచు మీదనే పడితే?"

"ఒకదాని మీదికి ఒకటి ఎక్కించి కోస్తే రేపటిదాక పడుతది శ్యామలా."

"ఊర్లు, చేన్లు ఇడిసిపెడుదాం సార్. ఏటి వెంబడి మటుకే కోద్దాం."

ఆయన తలూపాడు. కమలవ్వ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. పొద్దు వాలకముందే దొరికింది. మొదటిసారి కోసినప్పుడు పడవ ముందు సగం ఒక గడిలో, వెనుక సగం పక్క గడిలో పడింది. విడివిడిగా చూసినప్పుడు రెండూ కొట్టుకొచ్చిన దుంగల్లాగే ఉన్నాయి. మునిగిన తుమ్మల కొమ్మల్లో చిక్కుకుని ఉంది పడవ.

"మనిషున్నడా బిడ్డా?"

"అంత చిన్నగ కనవడదవ్వా."

రక్షణ దళం కొమురెల్లిని తెచ్చింది. దవాఖానలో అక్కను చూడగానే వాడు మొహం తిప్పుకున్నాడు.

"దూడ కొట్టుకపోతుంటె బావ తాడు ఇడువలే అక్కా. ఇడువుమని ఒర్రిన. ఇనలే."

కమలవ్వ తమ్ముడి చెయ్యి పట్టుకుని మంచం పక్కన కూలబడింది.

ఎల్లేశం రెండువేల ఇరవై రెండు, జూలై పద్నాలుగు, గురువారం నాడు పోయాడు. మళ్లీ రాలేదు.