బంగారు పిడి చీపురు

స్వామి రథమెక్కి కూర్చున్నా తాళ్లు కదల్లేదు. రాజు వచ్చి రథం మీద నేల ఊడ్చి, చందనపు నీళ్లు చల్లితేనే లాగుతారు. గుడి కట్టిన నాటినుంచీ కుసుమగడలో అదే ఆచారం. ఈ ఏడు రాజుగారు పక్షవాతంతో మంచం పట్టారు. పొద్దున్నే బంగారు పిడి చీపురును కూతురు కౌముది ఒళ్లో పెట్టించి, "నువ్వే ఊడ్చి రా, అమ్మా" అన్నారు ముద్దముద్దగా.

ఆ చీపురుతోనే ఆమె రథం మెట్ల దగ్గర నిలబడి ఉంది. మెట్లకు అడ్డంగా పెద్ద పూజారి గదాధర పండా ఉన్నాడు.

"నేను కాదన్నానా, జేమా? ఆచారం కాదంటోంది" అన్నాడాయన, రాచకూతుళ్లను పిలిచే ఆ పిలుపులో మర్యాద ఏమాత్రం తగ్గకుండా. "మీ చిన్నాన్నగారబ్బాయికి కబురంపాం. వచ్చేస్తున్నాడు."

"విక్రమకి చీపురు ఏ వైపు పట్టుకోవాలో తెలుసా?"

"రాజులకెందుకు తెలియాలి?"

"రాజని ఎక్కడుంది, పండాగారూ?" ఆమె గుడి గోడ చూపించింది. ఆ గుడి కట్టించి, దీపారాధనకు ఊళ్లు రాసిచ్చిన పూర్వీకుడు శాసనంలో తనను రాజుగా చెక్కించుకోలేదు. 'ఈ స్వామికి రౌత' అని మాత్రం చెక్కించుకున్నాడు. "రౌత అంటే సేవ చేసే మనిషేగా. మీ ఇల్లు ఎవరు ఊడుస్తారు?"

"మా ఆవిడ."

"మరి?"

తాళ్లు పట్టుకున్నవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. పండా నవ్వలేదు.

"సేవ చేసే మనిషేనమ్మా. నేనూ అదే అంటున్నా. సేవ చేసేవాళ్లు ఎదురు చెప్పరు."

జవాబులు ఆమె నాలుక మీదే ఉన్నాయి. ఈలోగా ఒక ముసలమ్మ కొంగు నెత్తిన కప్పుకుంటూ, "ఎవరో ఒకరు ఊడవండమ్మా, ఎండకి స్వామి మొహం వాడిపోతోంది" అంది. చీపురు ఇవ్వకపోతే రథం కదలదు. ఆ బలం కౌముది చేతిలో ఉంది. కానీ దాన్ని వాడితే ఆగేది పండా కాదు, స్వామి.

విక్రమ నల్లకళ్లద్దాలతో వచ్చి అక్క ముందు చెయ్యి చాపాడు. "ఇటివ్వు అపా, తొందరగా. అవతల కారు అడ్డంగా పెట్టొచ్చాను."

ఇచ్చేసింది.

అతను పైకెక్కి ఫోటోలవైపు తిరిగి, చీపురును గాల్లో అటూ ఇటూ ఆడించాడు. నేలమీది పూలరేకులు ఉన్నచోటే ఉన్నాయి. జనం జయజయధ్వానాలు చేశారు. రథం కదిలింది.

ఇంట్లో రాజుగారు గుమ్మం వైపే చూస్తున్నారు.

"ఊడ్చావా?"

"ఊడవడం అయింది, బాపా."

"అయిందా అని అడగలేదు నేను."

కౌముది దుప్పటి సర్దింది. ఆయన గోడవైపు తిరిగి పడుకోబోయారు. ఒక పక్కంతా చచ్చుబడి ఉంది, తిరగలేకపోయారు.